కాగితం పట్టుకుని వచ్చిన దొర

నేను టీచరుగా జైనూరు ప్రాంతానికి వెళ్ళింది 1988లో. మాది కరీంనగర్ వైపు పల్లె. ఆసిఫాబాద్‌లో బస్సెక్కితే కెరమెరి ఘాట్ మీదుగా జైనూరు, అక్కడి నుంచి స్కూలున్న గూడేనికి నడక. వానాకాలం వాగులు పొంగితే ఆ నడకా లేదు. ఇంద్రవెల్లి కాల్పులు జరిగి అప్పటికి ఏడేళ్ళే. 1981 ఏప్రిల్ 20న భూముల గురించి సభ పెట్టుకుందామని బయల్దేరిన గోండుల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. సర్కారు లెక్క 13 మంది. ఆ లెక్క నమ్మిన గోండు మనిషి నాకు ఒక్కరూ కనబడలేదు. అలాంటి రోజుల్లో ప్యాంటూ షర్టూ వేసుకుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని ఊళ్ళోకి దిగాను. పిల్లల పేర్లు రాసుకోవడానికి ఇంటింటికీ వెళ్తే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవారు. మగవాళ్ళు "రామ్ రామ్" అని మంచం వాల్చేవారు, నీళ్ళిచ్చేవారు. పేర్లు మాత్రం చెప్పేవారు కాదు.

ఒక పెద్దాయన ఉండేవాడు, ఊరంతా కాకా అనేవాళ్ళు. ఆయనే అసలు సంగతి చెప్పాడు. "కాయితం పట్టుకొని వచ్చినోడల్లా ఏదో ఒకటి తీస్కపోయిండు సారూ. పట్వారీ వచ్చిండు, భూమి పోయింది. జంగ్లాతోడు వచ్చిండు, అడవి పోయింది. నువ్వేం తీస్కపోతవో మాకెట్ల తెలుస్తది?" కాసేపాగి చుట్ట ముట్టించుకుని, "ఒక్కడు మాత్రం రాసుకున్నది మాకు పనికొచ్చింది. డార్ఫ్ దొర" అన్నాడు.

హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త పేరు నేను వినడం అదే మొదలు. ఎమ్మే చదివినవాణ్ణి, పాఠాల్లో ఎక్కడా ఆ పేరు తగల్లేదు. ఊరికి దగ్గర్లోనే మార్లవాయి. అక్కడే ఆయన మట్టిగోడల ఇంట్లో ఉన్నాడని, ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే ఉందని, ఆవిడ పోయి ఏడాదే అయిందని ఆ సాయంత్రమే తెలిసింది. తర్వాత ఆ ప్రాంతంలో ఉన్నన్నాళ్ళూ ముసలివాళ్ళు ఎవరు దొరికినా అడిగేవాణ్ణి: దొర మొదటిసారి వచ్చినప్పుడు ఏమనుకున్నారు? పుస్తకాల్లో ఆ కలయిక గురించి ఆయన వైపు నుంచి చదవొచ్చు. ఇటువైపు నుంచి ఎలా ఉందో చెప్పగలిగేది వీళ్ళే.

అందరూ ముందు చెప్పే మాట ఒకటే. భయం.

ఆ భయం వెనక ఏముందో తెలియాలంటే 1940కి వెళ్ళాలి. కుమ్రం భీమ్ జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు బలైన సంవత్సరం అది. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో తమ భూమి తమను దున్నుకోనివ్వమన్నదే ఆయన అడిగింది. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు వచ్చాక బయటి నుంచి జనం దిగారు. గోండులు తరతరాలుగా దున్నుకుంటున్న నల్లరేగళ్ళకు పట్టాలు వేరేవాళ్ళ పేరున అయ్యాయి. గోండులకు మిగిలింది శివాయి జమాబందీ, అంటే పట్టా లేని సాగు. ఏ ఏడైనా లేచి పొమ్మనొచ్చు. మిగతా నేలను అడవిశాఖ గీత గీసి రిజర్వు చేసింది. గీత లోపల పడ్డ ఊళ్ళను ఖాళీ చేయించారు. కొన్నిచోట్ల గుడిసెలు కాల్చారు. ఇదంతా నడిపించింది కాగితమే. నక్షా, పహాణీ, పావతి, జుర్మానా చీటీ. వీటిలో ఏం రాసి ఉందో చదవగలిగినవాడు గోండుగూడెంలో వెతికినా దొరికేవాడు కాదు. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడికి దగ్గర్లో సిర్పూరు కాగితం మిల్లు లేచింది. 1942లో ఉత్పత్తి మొదలైంది, ఆ ఊరు కాగజ్‌నగర్ అయింది. వెదురు వీళ్ళ అడవిదే. ఈ సంగతి నాకు తట్టిన రోజు రిజిస్టరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

భీమ్ చనిపోయిన కొద్ది కాలానికే, సర్కారు అనుమతితో, ఒక తెల్లమనిషి నోటుపుస్తకం పట్టుకుని ఈ ఊళ్ళలోకి వచ్చాడు. ఎవరు నమ్ముతారు?

"మేం పొలగాండ్లం అప్పుడు," అని ఒక అవ్వ చెప్పింది. "గుడారం కనబడంగనే మా అమ్మ మమ్ముల్ని చేన్లకు పంపింది. తెల్లోడంటే తుపాకి పట్టుకుంటడు గదా అని. వానితోని ఒక తెల్ల ఆడమనిషి ఉన్నదని తెలిసినంక మా అమ్మ పోయి చూసొచ్చింది. ఆడమనిషిని తోలుకొని లడాయికి ఎవడొస్తడు అన్నది." నేను విన్న వాటిలో ఇంతకంటే తెలివైన మాట లేదు. ఆ కలయికలో పరీక్ష పెట్టింది దొర కాదు. మార్లవాయి మనుషులు ఆయన్ను పరీక్షించారు, వాళ్ళ లెక్కలో వాళ్ళు.

ఆయన ఎక్కడివాడు, ఇక్కడికెలా వచ్చాడన్నది కూడా చెప్పాలి. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. అక్కడే మానవశాస్త్రం చదివాడు, తర్వాత లండన్‌లో పేరున్న మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1936లో నాగా కొండలకు వెళ్ళాడు. అక్కడ పాంగ్షా అనే ఊరి మీదికి బ్రిటిష్ అధికారి మిల్స్ సైన్యంతో దండయాత్రకు వెళ్తుంటే ఆయనా వెంట నడిచాడు. బానిసల కోసం దాడులు చేస్తున్నారని ఆ ఊరికి శిక్ష. అంటే మన దేశపు కొండజాతుల్ని ఆయన కొత్తగా కలుస్తున్న రోజుల్లోనే, ఒక ఊరిని తుపాకుల వరస వెనక నుంచి చూశాడు. నాకు ఇది మింగుడుపడని విషయం. ఆయన మీద ఎంత గౌరవమున్నా దీన్ని దాటవేయలేను.

1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే బెట్టీ. మళ్ళీ ఇండియా వచ్చేసరికి 1939 యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే మింగేశాడు కాబట్టి ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువాళ్ళకు శత్రుదేశ పౌరుడు. మామూలుగా అయితే యుద్ధం అయ్యేదాకా ముళ్ళకంచె వెనకే ఉండాలి. తెలిసిన అధికారుల పుణ్యమా అని హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్న షరతుతో వదిలారు. అలా కదలడానికి వీల్లేని మనిషి అయ్యాడు. నా ఉద్దేశంలో ఆయన జీవితాన్ని మార్చింది ఆ షరతే. స్వేచ్ఛగా ఉంటే కొన్ని నెలలు రాసుకుని ఇంకో కొండకు వెళ్ళిపోయేవాడేమో. ఎటూ వెళ్ళలేడు గనుక ఈ సంస్థానంలోని గూడేల్లోనే ఏళ్ళు గడిపాడు.

ముందు 1940లో అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల దగ్గరికి. వాళ్ళు మాట్లాడేది తెలుగే. వియన్నా మనిషికి మన తెలుగుతో గట్టిగా పని పడింది అక్కడ, నల్లమలలో. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడుకుని బతికే పెంటల (చెంచుల చిన్న గూడేల) వెంట దంపతులిద్దరూ తిరిగారు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత 1941లో గోదావరి ఒడ్డున పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరికి. అక్కడ పోడు చేసుకునేవాళ్ళ చేత వెదురు, కలప కాంట్రాక్టర్లు వెట్టిచాకిరీ ఎలా చేయించుకుంటున్నారో చూశాడు. నాకు బాధ కలిగించేదేమిటంటే, ఆయన తిరిగిన కొయిద లాంటి ఊళ్ళు ఇప్పుడు పోలవరం ముంపు లెక్కల్లో ఉన్నాయి. ఆ పుస్తకాలు రేపు మునిగిన ఊళ్ళకు సాక్ష్యాలవుతాయి.

చాలా ఏళ్ళ తర్వాత టీచర్ల ట్రైనింగ్ పని మీద మన్ననూరు వెళ్ళినప్పుడు చెంచు పెద్దల్ని అడిగాను, ఇలా ఒక తెల్లదొర వచ్చాడట కదా అని. నేను అడిగిన వాళ్ళెవరికీ గుర్తు లేదు. గార్లమైసమ్మ గురించి చెప్పారు, పులుల లెక్కకు వచ్చే ఆఫీసర్ల గురించి చెప్పారు, దొర గురించి ఏమీ లేదు. వచ్చాడు, రాసుకున్నాడు, వెళ్ళాడు. మార్లవాయిలో అలా కాకపోవడానికి కారణం వెతకాలనిపించింది నాకు.

దానికంటే ముందు, ఆయనకు ఒక తరం ముందు మన దక్షిణాదిలో ఈ పనే చేసిన ఇంకో తెల్లాయన సంగతి చెప్తాను. ఎడ్గర్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. 1909లో కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలవడం ఆయనకు పెద్ద పని. ఆ పనిముట్లు పట్టుకుని ఊళ్ళోకి వెళ్తే ఏమయ్యేదో ఆయనే రాసుకున్నాడు. వయనాడులో పణియ స్త్రీలు ఆయన్ను చూసి పరుగు తీశారట, తమలో బాగా ఉన్నవాళ్ళను చంపి గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడని. నీలగిరుల్లో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కొయ్యను చూసి ఉరికంబం అనుకుని దగ్గరికి రానన్నాడట. ఏదో పాత కేసులో అతని కోసం సర్కారు వెతుకుతోంది మరి. ఇవి ఆయన సరదా సంగతులుగా రాశాడు. నేను వాటిని అలా చదవలేకపోయాను. ఆ పణియ స్త్రీలు అనుకున్నదాంట్లో తప్పేముంది? చంపకపోవచ్చు. మ్యూజియంలో పెట్టడానికే వచ్చాడు కదా.

హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురం పెట్టాడు. తేడా అదే. ఊరి పటేలు లచ్చు పటేల్ ఆయనకు చోటిచ్చాడు. లచ్చు పటేల్ నమ్మాడు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళు నమ్మాయి. గోండీ నేర్చుకున్నాడు. దండారి పండుగ రోజుల్లో నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీల వెంట ఊరూరా తిరిగాడట. గోండుల కథలు పాడే పర్ధాన్లు కింగ్రి అనే తీగవాద్యం వాయిస్తూ రాత్రంతా చెప్పే కథలు, గోండుల్లోని విభాగాలైన నాలుగు దేవుళ్ళవాళ్ళు, ఐదు దేవుళ్ళవాళ్ళు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు ఎలా వచ్చారు, పహండి కుపార్ లింగో గోండు దేవుళ్ళను గుహలోంచి ఎలా విడిపించాడు, అన్నీ రాసుకున్నాడు. 1948లో లండన్‌లో అచ్చయిన ఆయన గోండు పుస్తకం నిండా అవే. ఆ కథలు చెప్పిన పర్ధాన్ల గురించి మనం ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. జ్ఞాపకంలో అంత పెద్ద గ్రంథం మోస్తున్నవాళ్ళు వాళ్ళు. ఆయన రాసుకున్నది వాళ్ళ చదువు.

కాకా ఒకరోజు దీని మీద చెప్పిన సంగతి నాకు ఎప్పటికీ మర్చిపోలేనిది. మొదట్లో దొర ఏమడిగినా ఊరివాళ్ళు సగం సగం చెప్పేవారట. పూర్వీకుల పేర్లు అడిగితే తప్పుగా చెప్పేవారు. పెర్సపేన్ అనే వంశదేవుడి పూజలో ఎవరు ఏం చేస్తారో అడిగితే, అది మా ముసలాయనకు తెలుసు, ఆయన ఊళ్ళో లేడు అనేవారు. నెలలు గడిచాయి. ఒకసారి జంగ్లాత్ (అడవిశాఖ) మనిషి ఊరికి వచ్చి ఎప్పటిలాగే కోళ్ళు, నెయ్యి, మామూలు అడిగాడు. దొర అక్కడే ఉన్నాడు. ఆ మనిషి ఎంత అడిగాడో, ఎవరి దగ్గర ఏం పట్టుకెళ్ళాడో దొర నోటుపుస్తకంలో రాశాడు, అతని ఎదురుగానే. "మా ముంగటనే, వాని మీద రాసిండు. కాయితం వానిదిక్కు తిరిగింది ఆ దినం," అన్నాడు కాకా. ఆ రాత్రి తన తండ్రి దొరకు కులం పేర్లన్నీ సరిగ్గా చెప్పాడట. ఇది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. కాకా తండ్రి చెప్పగా కాకా విన్నది, కాకా చెప్పగా నేను విన్నది.

పైకి వెళ్ళిన కాగితం కథ మాత్రం రికార్డులో ఉంది. సంస్థానం ప్రభుత్వానికి ఆయన ఇచ్చిన నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. భూమి ఎలా పోయిందో, భీమ్ ఎందుకు తిరగబడ్డాడో అందులో ఉంది. వేళకు విని ఉంటే ఆ నెత్తురు పారేది కాదన్న మాట ఆ రాతలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాతే గిరిజనులకు లావణి పట్టాలు ఇవ్వడానికి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, వేలమంది పేర్లు మొదటిసారి భూమి కాగితాల్లోకి ఎక్కాయి. ఆయన్ను ప్రభుత్వమే గిరిజనుల సలహాదారుగా పెట్టుకుంది. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గోండుల ఫిర్యాదులు వినే దర్బారు మొదలైంది కూడా ఆ 1940ల్లోనే, ఆయన చొరవతోనే. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చి పూజ చేస్తారు. ఆ జాతరలో దర్బారు ఇప్పటికీ జరుగుతోంది. అర్జీలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళను నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడే నా మనసులో ఒక ముల్లు ఉంది. భీమ్ ఇవే మాటలు చెప్పాడు. అర్జీలు పెట్టాడు. ఎవరూ వినలేదు, చివరికి తుపాకీతో జవాబిచ్చారు. ఆ మాటలే ఒక తెల్లాయన ఇంగ్లీషులో టైపు చేసి పంపితే నిబంధనలయ్యాయి. హైమన్‌డార్ఫ్ తప్పు ఇందులో లేదు, నిజానికి ఆయన ఆ మాటలను మార్చకుండా చేరవేశాడు. కానీ ఆయన విజయమని మనం చెప్పుకునేది ముందుగా భీమ్ ప్రాణంతో కొన్నది. నా క్లాసులో పిల్లలకు హైమన్‌డార్ఫ్ పాఠం చెప్పిన ప్రతిసారీ ముందు జోడేఘాట్ చెప్పి తర్వాతే మార్లవాయి చెప్పేవాణ్ణి.

చదువు సంగతి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు. ఊళ్ళోవాళ్ళకే నేర్పి, వాళ్ళనే తిరిగి గూడేలకు పంతుళ్ళుగా పంపాలన్నది ఆలోచన. గోండీలో వాచకాలు దేవనాగరి లిపిలో తయారుచేశారు, అప్పట్లో ఆ ప్రాంతంలో మరాఠీ నడిచేది గనుక. సేతు మాధవరావు పగడి అనే అధికారి గోండీ నేర్చుకుని, వ్యాకరణం కూడా రాసి, ఈ పనికి వెన్నుదన్నుగా నిలిచాడు. ఆయన పేరు మనవాళ్ళు ఇంకా ఎక్కువ తలుచుకోవాలి.

ఆ కేంద్రంలో చదివిన ఒక ముసలి పంతులుగారు నాకు జైనూరు సంతలో పరిచయమయ్యారు. పదవీ విరమణ చేసి చాలాకాలం. నేను టీచర్నని తెలియగానే నన్ను హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పి, ఉంది, రండ్, మూండ్, నాలూంగ్, సయ్యూంగ్ అని గోండీ అంకెలు నాతో పలికించారు. పలకడం సరిగా వచ్చేదాకా చాయ్ తాగనివ్వలేదు. "నీ క్లాసుల పిల్లగాడు మూడు అంటే నోరు తెరుస్తలేడని కొట్టకు. వానికి మూండ్ తెలుసు. ఆడికెళ్లి మూడుకు తీసుకరా" అన్నారు. నాకు బీఈడీలో ఎవరూ చెప్పని పాఠం అది. ఆయనకు ఆ మాట చెప్పింది మార్లవాయి కేంద్రం. 1956లో జిల్లా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాక తెలుగు మీడియం వచ్చింది, గోండీ వాచకాలు పక్కకు పోయాయి. నేను ఆ మర్నాటి నుంచి ఒకటో తరగతి గోండీతోనే మొదలుపెట్టాను. పిల్లలు నా పలుకుబడిని సరిదిద్దేవారు. ఒక వారంలో క్లాసు స్వరూపమే మారిపోయింది. తల్లులు కూడా గుమ్మం దగ్గరకు వచ్చి వినేవారు. పేర్లు చెప్పని ఊరు ఆ ఏడాదే నాకు పేర్లన్నీ చెప్పింది, ఇంటిపేరూ, దేవుళ్ళ సంఖ్యతో సహా.

బెట్టీ గురించి ఆడవాళ్ళ దగ్గర వినాలి. మగవాళ్ళకు దొర, ఆడవాళ్ళకు ఆవిడ. ఆవిడ ఇళ్ళలోపలికి వచ్చేదని, వంట దగ్గర కూర్చునేదని, జొన్నగట్క తినేదని చెప్పేవారు. మానవశాస్త్ర పుస్తకాల్లో ఇలాంటి భార్యలు ముందుమాటలో ఒక్క వాక్యంతో అయిపోతారు. బెట్టీ అలా కాదు. కొండరెడ్ల పుస్తకం మీద ఆవిడ పేరుంది, 1979 నాటి గోండుల పుస్తకం మీద ఉంది, దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నింటికీ పట్టిక తయారుచేసిన పెద్ద పని ఆవిడది. వాళ్ళ కొడుక్కి లచ్చు పటేల్ అని పేరు పెట్టుకున్నారని మార్లవాయిలో ఇప్పటికీ గర్వంగా చెప్తారు. యుద్ధం, నిజాం రాజ్యం అన్నీ పోయాక ఆయన లండన్‌లో ప్రొఫెసరయ్యాడు, నేపాల్‌లో షెర్పాల మధ్య పని చేశాడు. అయినా ముసలితనంలో ఇద్దరూ మళ్ళీ మళ్ళీ ఇక్కడికి వచ్చారు. 1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయికి తెచ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. తర్వాత ఆయన అస్థికలూ ఆవిడ పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ కలుస్తారు, తమ పద్ధతిలో పూజ చేస్తారు. తమ పెద్దలకు చేసినట్టే.

ఆ వర్ధంతులకు నేను చాలాసార్లు వెళ్ళాను. మంత్రులు, కలెక్టర్లు వస్తారు, మైకులో అదే ఉపన్యాసం. నాకు గుర్తుండిపోయింది ఉపన్యాసాలు కాదు. మార్లవాయికే చెందిన కనక రాజు గారు అక్కడ కుర్రాళ్ళకు గుస్సాడీ అడుగులు చూపించడం. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు. ఆయన అడుగు వేసి చూపిస్తుంటే, పుస్తకంలో వర్ణనకూ కళ్ళముందు ఉన్నదానికీ ఎంత దూరమో అర్థమయ్యేది.

ఈ కథ ఇక్కడితో మంచిగా ముగిసిందని చెప్పలేను. 1/70 చట్టం వచ్చింది, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరున మారకూడదని చెప్పింది. అయినా భూమి మారుతూనే ఉండింది. 1970ల చివర తిరిగి వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్, తాను ఉన్నప్పుడు దక్కిన పట్టాలు మళ్ళీ చేజారిపోవడం గురించి 1982 పుస్తకంలో వేదనతో రాశాడు. అప్పటికి ఇంద్రవెల్లి కూడా జరిగిపోయింది.

నేను బదిలీ అయి వెళ్ళేముందు హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో ఆయన గోండు పుస్తకం దొరికింది. ఫొటోల పేజీలు జిరాక్స్ తీయించి గూడేనికి పట్టుకెళ్ళాను. జిరాక్సులు నల్లగా వచ్చాయి, అయినా చావడి దగ్గర జనం మూగారు. ఒక అవ్వ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మెడలో కంటె చూసి మనిషిని గుర్తుపట్టింది. మా పెద్దమ్మ అంది. ఇంకొకాయన ఒక డోలు వాయించేవాణ్ణి చూసి అది ఏ ఊరి డోలో చెప్పాడు. నేను తీసుకెళ్ళిన పేజీల్లో ఫొటో కింద గోండు స్త్రీ అనో, పర్ధాన్ అనో మాత్రమే ఉంది. పేర్లు లేవు. వాళ్ళు చెబుతుంటే నేను పెన్సిల్‌తో ఫొటోల కింద పేర్లు రాశాను. ఈసారి నేను రాస్తుంటే ఎవరూ లేచి వెళ్ళలేదు. రాసింది చదివి వినిపించమన్నారు, రెండు పేర్లు దిద్దించారు.

ఆ జిరాక్సులు గూడెంలోనే వదిలేసి వచ్చాను. అసలు ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. నా దగ్గర ఒకటో తరగతిలో మూండ్ నుంచి మూడుకు వచ్చిన అమ్మాయి ఇప్పుడు టీచరు. సెలవుల్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఫోనులో ఆ ఫొటోలు చూపిస్తూ పేర్లు రాస్తోంది, పర్ధాన్ల పాటలు రికార్డు చేస్తోంది. పోయిన నెల ఫోన్ చేసి, దొర పుస్తకంలో ఉన్న ఒక కథను తమ వంశంవాళ్ళు వేరేగా చెప్తారనీ, రెండూ పక్కపక్కన పెట్టి రాయాలనుకుంటున్నాననీ అంది. చాలా సంతోషమనిపించింది. జైనూరు, ఉట్నూరు, కెరమెరి వైపు ఉన్న టీచర్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ ఫొటోలు ఒకసారి మీ గూడెంలో పెద్దవాళ్ళకు చూపించండి. వాళ్ళు చెప్పే పేర్లు రాసి పెట్టండి. ఆ కాలం చూసినవాళ్ళు తొంభైలు దాటారు.